మూడు సీజన్లుగా పీజీబౌన్సర్ వాడుతున్నాను

పలాసలో వేసవి అంటే జీడిపిక్కల సీజన్. ఉద్దానం నుంచి 80 కిలోల బస్తాలు దిగుతుంటే కాటా దగ్గర బిల్లు ఆగకూడదు. నేను కంప్యూటర్లు చూసే కర్మాగారంలో సరిగ్గా అప్పుడే ఆగిపోయేది. "బాబూ, మళ్లీ పోయింది" అని గుమస్తాగారి ఫోను. వెళ్లి చూస్తే బిల్లుల డేటా ఉండే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సర్వర్ కొత్త కనెక్షన్ ఇవ్వనంటోంది.

మా బిల్లింగ్ ప్రోగ్రాం విజువల్ బేసిక్ 6 నాటిది, సోర్స్ కోడ్ మా దగ్గర లేదు. తెరిచిన ప్రతి ఫారానికీ ఒక కనెక్షన్ తీసుకుంటుంది, మూసేదాకా వదలదు. 18 సిస్టమ్‌లలో ఆరేసి ఫారాలు తెరిస్తే 108. పోస్ట్‌గ్రెస్ మామూలు పరిమితి 100, అందులోనూ మూడు సూపర్‌యూజర్‌కే, అంటే సర్వర్ నిర్వాహకుడికే.

ముందు ఆ పరిమితి 300కి పెంచాను. అది పొరపాటు. ప్రతి కనెక్షన్‌కీ సర్వర్‌లో విడిగా ఒక ప్రాసెస్ నడుస్తుంది. నెలాఖరు రిపోర్టులప్పుడు మా 4 జీబీ మెషిన్ నత్తనడక నడిచింది.

అప్పుడు పీజీబౌన్సర్ పెట్టాను. ఇది ప్రోగ్రాంకీ పోస్ట్‌గ్రెస్‌కీ మధ్య నిలబడి, కొద్ది కనెక్షన్లనే అందరికీ పంచుతుంది. ఉచితం, చాలా తేలిక. ప్రోగ్రాంని డేటాబేస్‌కి కలిపే ఓడీబీసీ డ్రైవర్‌లో పోర్టు 5432 తీసి 6432 ఇస్తే ప్రోగ్రాంకి తేడా తెలియలేదు. కానీ మొదటి రోజు లాభం కనబడలేదు. దాని మామూలు పద్ధతి సెషన్ మోడ్: ప్రోగ్రాం వదిలేదాకా ఆ కనెక్షన్ దానికే. ఫారం మూసేదాకా వదలని ప్రోగ్రాంకి అది పనికిరాదు. ఒక్కో లావాదేవీ అవగానే కనెక్షన్ వెనక్కి తీసుకునే ట్రాన్సాక్షన్ మోడ్‌కి మార్చాకే ఊపిరి పీల్చుకున్నాం.

రెండు రోజులు నిద్ర లేకుండా చేసింది మాత్రం స్టాక్ రిపోర్టు. గుండ్లు, బద్దల లెక్క అది ఒక తాత్కాలిక టేబుల్‌లో వేసుకుని తర్వాతి క్వెరీలో చదువుతుంది. ఆ టేబుల్ దాన్ని తయారుచేసిన కనెక్షన్‌కే కనిపిస్తుంది. మధ్యలో వేరే కనెక్షన్ చేతికొస్తే టేబుల్ లేదంటుంది. ఒకసారి వచ్చిన ఎర్రర్ మళ్లీ రాదు, అందుకే పట్టుకోవడం కష్టమైంది. అదృష్టం, రిపోర్టుల ఎగ్జీ (ప్రోగ్రాం ఫైలు) వేరు. పీజీబౌన్సర్‌లో డేటాబేస్‌వారీగా మోడ్ ఇవ్వొచ్చు కాబట్టి, అదే డేటాబేస్‌కి ఇంకో పేరు పెట్టి, సెషన్ మోడ్ ఇచ్చి, రిపోర్టులను అటు తిప్పాను. క్వెరీని సర్వర్‌లో ముందే సిద్ధం చేసి ఉంచే సర్వర్ సైడ్ ప్రిపేర్ టిక్కు కూడా ఓడీబీసీలో తీసేశాను, అదీ ఒక కనెక్షన్‌కి అతుక్కునేదే.

ఈ ఏడాది రద్దీలో పీజీబౌన్సర్ లెక్కలు చూపే 'షో పూల్స్' కమాండ్ కొట్టి చూస్తే క్లయింట్లు 112, సర్వర్ వైపు కనెక్షన్లు 9, క్యూలో ఎవరూ లేరు. పాత ప్రోగ్రాంని కదపలేనివాళ్లు ధైర్యంగా పెట్టుకోండి. ముందు ఒక టెస్ట్ సిస్టమ్‌లో ప్రతి రిపోర్టూ పదేసిసార్లు నడిపి చూడండి.