శౌరివారి ఫైబర్ స్వరూపం: పనితనం బాగుంది, ఎండ్రకాయే కుదర్లేదు

కావలి దగ్గర సముద్రపొడ్డున మా పల్లె. డిసెంబర్ 3న వచ్చే ఆయన పండుగకని నెల్లూరులో ఒక షాపులో శౌరివారి, అంటే మతబోధకుడు పునీత ఫ్రాన్సిస్ జేవియర్ గారి, స్వరూపం (విగ్రహం) చేయించాం. 3 అడుగులు, ఫైబర్, రూ.16,000. ప్లాస్టర్‌ది ఇంకా తక్కువకే వస్తుంది గానీ మా ఉప్పుగాలికి పెచ్చులూడిపోతుంది.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఉత్త ‘ఫ్రాన్సిస్’ అని చెప్పకండి. గోధుమరంగు అంగీ, భుజాన పిట్టతో ఉండే ఇంకో పునీతుడు, అస్సీసి ఫ్రాన్సిస్ గారిని ప్యాక్ చేసి పెట్టారు మాకు! షాపాయన మారుమాట లేకుండా వేరేది చేయించాడు, అది మెచ్చుకోవాలి.

రెండోది చూడముచ్చటగా ఉంది. నల్ల అంగీ, పైన తెల్ల వస్త్రం, ఎత్తి పట్టిన సిలువ. వేళ్లకు గోళ్లు కూడా తీర్చారు. గడ్డం నెరిసినట్టు వేశారేమని మా పెద్దలు సణిగారు, 46 ఏళ్లకే పోయిన మనిషి కదా అని. నేనైతే షాపువాళ్లనే సమర్థిస్తా. జపాన్ నుంచి తిరిగొచ్చాక జుట్టు నెరిసిపోయిందని ఆయనే ఉత్తరంలో రాసుకున్నారు. నెరవదా మరి? 1542లో గోవాలో దిగింది మొదలు తూత్తుకుడి వైపు ముత్యాల జాలర్ల పల్లెలు, మలక్కా, మొలక్కస్ దీవులు, 1549లో జపాన్. చివరికి చైనాలోకి తీసుకెళ్లే పడవ కోసం కాచుకుని ఉండగానే 1552లో షాంగ్‌చువాన్ దీవిలో జ్వరంతో పోయారు. మా వైపు రాలేదు. అయినా మా పల్లెలో ఏ వీధిలో పిలిచినా ఓ శౌరయ్యో శౌరమ్మో పలుకుతారు.

అసలు గొడవ పాదాల దగ్గర. తుఫానులో సముద్రంలో పడిపోయిన ఆయన సిలువను ఎండ్రకాయ డెక్కల్లో పట్టుకొని ఒడ్డుకు తెచ్చిందని చెప్పుకుంటారు కదా, అది ఉండాల్సిందేనని పట్టుబట్టి చేయించుకున్నాం. ఎర్రగా రంగేసి పంపారు! మేం వండుకునే ఎండ్రకాయ బతికుండగా అంత ఎర్రగా ఉంటుందా? “ఏం బావా, ఉడకబెట్టి పంపారా?” అని మా బావమరిది ఒకటే నవ్వు. పడవకి వేయగా మిగిలిన రంగుతో మేమే సరిచేసుకున్నాం.

పండక్కి కావాలంటే అక్టోబర్‌లోనే చెప్పండి. పీఠానికి బోల్టు రంధ్రాలు కూడా ముందే అడిగి పెట్టించుకోండి. అవి లేక తేరు మీద మేం తాళ్లతో కట్టాల్సొచ్చింది.