షార్ప్స్ 1874 నకలు, ఆరేళ్ల తర్వాత: బియ్యపుగింజంత ముక్క పెట్టిన తంటా

సెట్ ట్రిగ్గర్‌తో, అంటే వెనక ట్రిగ్గర్ లాగి ముందుదాన్ని తేలిక చేసుకుని కాలిస్తే, నాలుగైదు తూటాల్లో ఒకటి పేలదు. ముందు ట్రిగ్గర్ ఒక్కటే మామూలుగా నొక్కితే ఒక్కటీ తప్పదు. మీ షార్ప్స్ (పాతకాలపు అమెరికన్ ఒంటి తూటా రైఫిల్) ఇలా చేస్తుంటే ప్రైమర్లు (తూటా అడుగున దెబ్బకు నిప్పు పుట్టించే ముక్కలు) మార్చి డబ్బు తగలేయకండి, వాటిని కొట్టే ఫైరింగ్ పిన్ జోలికి పోకండి. తప్పు లాకులో, అంటే హ్యామర్‌ను (పిన్‌ను కొట్టే సుత్తిని) ఆపి వదిలే పక్క ప్లేటు యంత్రంలో ఉంది. ఆ రెండు పనులూ చేసి చూశాకే ఈ మాట చెబుతున్నాను.

నా దగ్గరున్నది ఇటలీలో తయారైన 1874 షార్ప్స్ స్పోర్టింగ్ రైఫిల్ నకలు. తూటా సైజు .45-70, 32 అంగుళాల ఎనిమిది పలకల బ్యారెల్, రెండు ట్రిగ్గర్లు. ఆరేళ్లలో సుమారు 1,400 తూటాలు కాల్చింది, అందులో మూడొంతులు బ్లాక్ పౌడర్‌తో (పొగా మసీ బాగా వదిలే పాత రకం తుపాకి మందుతో) నింపినవే. ఉండేది హ్యూస్టన్ దగ్గర. ఊరు పేరు ఊరికే చెప్పడం లేదు, ఈ గొడవలో సగం ఇక్కడి గాలిలో తేమదే. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నిషేధం కాబట్టి ఇది అమెరికాలో ఉన్న మనవాళ్ల కోసమే. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు ఒక మాట: తుపాకీ దగ్గర పెట్టుకోవడానికి ఫెడరల్ చట్టం మీకిచ్చే మామూలు దారి, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్. టెక్సస్‌లో ప్రైవేటు భూమిలో అడవిపందుల వేటకు 2019 నుంచి లైసెన్స్ అక్కర్లేదు కదా అని దాన్ని రెన్యూ చేయడం మానేయకండి. అది వేరు, ఇది వేరు.

ఈ రైఫిళ్లతో బైసన్లను వేటాడిన కథ, టెక్సస్‌లో అడోబ్ వాల్స్ పోరులో వేటగాడు బిల్లీ డిక్సన్ చాలా దూరం నుంచి కొట్టిన దెబ్బ చాలామంది చెప్పినవే. నేరుగా ట్రిగ్గర్ దగ్గరికి వస్తాను, ఈ తుపాకీ కొనడానికి కారణం అదే.

వెనక ట్రిగ్గర్ లాగితే టిక్ మంటుంది. ఆ తర్వాత ముందు ట్రిగ్గర్‌కు వేలు తగిలితే చాలు, హ్యామర్ పడిపోతుంది. రెంటి మధ్య ఉన్న చిన్న స్క్రూ లోపలికి తిప్పేకొద్దీ ఇంకా తేలికవుతుంది. మరీ తిప్పితే సెట్ కావడమే మానేస్తుంది. అక్కడి నుంచి అర చుట్టు వెనక్కి వచ్చి ఆగాలి. బెంచ్ మీద 100 గజాలకు అయిదేసి తూటాలు రెండంగుళాల లోపల పడ్డాయంటే, బ్యారెల్ ఎంత మంచిదో ఈ ట్రిగ్గరూ అంత మంచిది.

మొదటి రెండేళ్లు ఏ లోటూ లేదు. మూడో ఏడు ఆగస్టులో మొదలైంది. హ్యామర్ పడుతుంది, తూటా పేలదు. 30 సెకన్లు గొట్టం టార్గెట్ వైపే ఉంచి, ఆ తర్వాత తీసి చూస్తే ప్రైమర్ మీద గోటి గీతంత గుంట. అదే తూటా రెండోసారి కొడితే పేలుతుంది. ఒకసారి హ్యామర్ సగంలోనే, హాఫ్ కాక్ (సగం లేపి ఆపే మెట్టు) దగ్గర ఆగిపోయింది. అప్పటికి గాని అసలు సంగతి అర్థం కాలేదు.

హ్యామర్‌తో కలిసి తిరిగే టంబ్లర్‌కు రెండు గాడులుంటాయి, ఒకటి ఫుల్ కాక్ (కాల్చడానికి పూర్తిగా లేపిన మెట్టు), ఒకటి హాఫ్ కాక్. మామూలుగా నొక్కినప్పుడు మన వేలు ట్రిగ్గర్‌ను పట్టే ఉంచుతుంది, అందువల్ల సియర్ (ఆ గాడుల్లో పడి హ్యామర్‌ను ఆపే కొక్కెం) పైకి లేచే ఉండి హాఫ్ కాక్ గాడిలో పడదు. సెట్ ట్రిగ్గర్ అలా కాదు. స్ప్రింగు బలంతో సియర్‌ను ఒక్క తన్ను తన్ని వదిలేస్తుంది. సియర్ వెంటనే కిందికి దిగుతుంది, సరిగ్గా అప్పుడే హాఫ్ కాక్ గాడి దాని ముందుకు వస్తుంది. ఆ గాడిని కప్పి సియర్ ముక్కును దాటించడానికి టంబ్లర్‌లో ఒక చిన్న కదిలే ముక్క పెడతారు. దాని పేరు ఫ్లై. బియ్యపుగింజంత ఉంటుంది. అది కదలకుండా అతుక్కుపోతే సియర్ గాడి అంచును రాసుకుంటూ పోతుంది, దెబ్బలో బలం పోతుంది. పూర్తిగా గాడిలో పడితే హ్యామర్ ఆగిపోతుంది. అలాగే వాడుతూ పోతే సియర్ ముక్కు చెక్కుకుపోతుంది, అప్పుడు హాఫ్ కాక్‌ను నమ్మడానికి లేదు.

విప్పే పద్ధతి ఇది. తుపాకీ ఖాళీగా ఉందని చూసి, హ్యామర్ హాఫ్ కాక్‌లో పెట్టండి. ఎడమ పక్క నుంచి లాకును పట్టి ఉంచే స్క్రూలను రెండేసి చుట్లు మాత్రమే వదులు చేసి, వాటి తలల మీద స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టండి. లాకు చెక్కలోంచి తనంతట తనే పైకి లేస్తుంది. అంచున ఏదైనా దూర్చి ఎత్తారంటే వాల్‌నట్ పెచ్చు లేచిపోతుంది, అది మళ్లీ అతకదు. మెయిన్ స్ప్రింగును (హ్యామర్‌కు బలమిచ్చేది) బిగింపుతో నొక్కి తీశాక, బ్రిడిల్ (టంబ్లర్‌ను పట్టి ఉంచే పలక) స్క్రూలు తెల్లగుడ్డ మీద పెట్టి విప్పండి. టంబ్లర్ చేతికి రాగానే ఫ్లై జారి పడాలి. నాది పడలేదు. ఫ్యాక్టరీలో తుప్పు పట్టకుండా పూసిన గ్రీజు బంకలా గట్టిపడి, దాని మీద బ్లాక్ పౌడర్ మసి చేరి, గూట్లోనే అతుక్కుపోయింది. టూత్‌పిక్‌తో తీయాల్సి వచ్చింది. ఒక పక్క సన్నని బర్ (అంచున మిగిలిన లోహపు పొక్కు) కూడా ఉంది.

సన్న సానరాయి మీద రెండు ముఖాలూ చదునుగా నాలుగైదు సార్లు రుద్దితే చాలు. అంచులు గుండ్రం చేయొద్దు, కొలత తగ్గించొద్దు. గూడు సాల్వెంట్‌తో కడిగి, పల్చటి నూనె ఒక్క చుక్క. గ్రీజు మాత్రం వద్దే వద్దు. టంబ్లర్‌ను వేళ్ల మధ్య పట్టుకుని అటూ ఇటూ వంచితే ఫ్లై తన బరువుకే ఆ పక్కకీ ఈ పక్కకీ వాలిపోవాలి. అలా వాలితే బాగైనట్టే.

అయినా వానలు పడ్డ వారంలో మళ్లీ రెండు పేలలేదు. ఈసారి మామూలుగా నొక్కినా అంతే. అంటే ఫ్లై కాదు, చెక్క. స్టాక్ పైన నూనె మెరుపు చూస్తే కళ్లు చెదురుతాయి, లాకు కూర్చునే గుంట లోపల మాత్రం పచ్చి చెక్కే, ఒక్క పూత లేదు. తేమ పీల్చి ఉబ్బి సియర్‌ను, మెయిన్ స్ప్రింగును రాస్తోంది. లాకు స్క్రూలు ఇంకో పావు చుట్టు బిగించినా ఇదే గతి, ప్లేటు లోపలికి పోయి బ్రిడిల్ చెక్కను ఒరుసుకుంటుంది. ఇంత ఖరీదు పెట్టి కొన్న తుపాకీలో, ఎవరూ చూడరని ఆ గుంటకు రెండు పూతల నూనె పెట్టకపోవడం ఇప్పటికీ మింగుడుపడదు.

ఎక్కడ రాసుకుంటోందో కనిపెట్టడానికి గుర్తు పెట్టే రంగులేవీ కొననక్కర్లేదు. దీపం మీద గిన్నె పెట్టి కాటుక పట్టినట్టు మసి పట్టండి, చుక్క నూనెతో కలిపి లాకు లోపలి భాగాలకు పల్చగా పూయండి. లాకు పెట్టి, తూటా గదికి తలుపులాంటి బ్లాక్ మూసే ఉంచి, హ్యామర్‌ను బొటనవేలితో పట్టి రెండుసార్లు లేపి దించి, తీసి చూడండి. గుంటలో నల్లమచ్చ ఉన్నచోటే రాపిడి. అక్కడ మాత్రమే కాగితమంత మందం గీకాలి. నాకు మూడు చోట్ల వచ్చింది, పెద్దది సియర్ స్ప్రింగు కింద. మచ్చలు రాకుండా పోయాక అవిసె నూనె రెండు పూతలు, మధ్యలో రెండేసి రోజులు ఆరబెట్టి. అప్పటినుంచి సుమారు 600 తూటాలు కాల్చాను, లాకు వల్ల పేలనిది ఒక్కటీ లేదు.

ట్రిగ్గర్ గురించి పైన రాసినదాన్ని కాస్త సవరించుకోవాలి. అది బెంచ్ మీద మాట. నవంబరు తెల్లవారుజామున గ్లవ్స్ ఉన్న వేలితో సెట్ చేసిన ట్రిగ్గర్ దగ్గరికి వెళ్లడం నాకు ఇష్టం లేదు. పంది కదిలి కాల్చకుండా ఊరుకోవాల్సి వస్తే, ముందు లివర్ (బ్లాక్‌ను తెరిచే పిడి) దించి తూటా తీసి, ఆ తర్వాతే హ్యామర్‌ను బొటనవేలితో పట్టి దించాలి. చీకట్లో ఇంత పని బాగుండదు. అందుకే వేటలో సెట్ చేయకుండానే కాలుస్తాను, అలా అయితే ట్రిగ్గర్ బాగా బరువు. టాంగ్ సైట్ (హ్యామర్ వెనక నిలబెట్టి, చిన్న రంధ్రం గుండా గురి చూసేది) కూడా అంతే, మధ్యాహ్నం అద్భుతం, మసక వెలుతురులో ఏమీ కనపడదు. 405 గ్రెయిన్ల బరువున్న గుండు గల మామూలు తూటాకు 100 గజాల దగ్గర గురి సరిచేస్తే 200 దగ్గర రెండడుగులు కిందికి దిగుతుంది కాబట్టి, నా వరకు 120 గజాలు దాటి కాల్చను. ఆ దూరానికి ఈ సైటూ ఈ ట్రిగ్గరూ నిజానికి అవసరం లేదు.

ఇంకొకటి, కాల్చాక హ్యామర్‌ను హాఫ్ కాక్‌కు తెచ్చాకే లివర్ దించాలి. హ్యామర్ నొక్కి ఉండగా దించితే పిన్ మొన ప్రైమర్‌లో ఇరుక్కుని విరుగుతుంది. ఆధునిక రైఫిల్ అలవాటున్నవాళ్లు మొదటి నెలలో చేసే తప్పు ఇదే.

కొనమంటారా అంటే, మీరెక్కడ ఉంటారో దాన్ని బట్టి. మోంటానా లాంటి పొడి ప్రాంతంలో ఉండి, స్మోక్‌లెస్ పౌడర్ (పొగ తక్కువ ఆధునిక మందు) వాడేవాళ్లకు ఈ బాధ చాలావరకు ఎదురుకాకపోవచ్చు. తేమ ఉన్నచోట, స్క్రూడ్రైవర్ పట్టడం ఇష్టంలేని వాళ్లకు 1885 హై వాల్ (ఇలాంటిదే ఇంకో పాత ఒంటి తూటా రైఫిల్) నకలు మేలు, దానికి పక్క లాకే లేదు. నాకైతే బ్లాక్ పౌడర్ పొగ, ఆ పెద్ద హ్యామర్ కావాలి కాబట్టి అమ్మను. కొనేవాళ్లు తూటా పెట్టకముందే లాకు విప్పించి గుంటలోకి చూడండి. పచ్చి చెక్క కనపడితే ఆ వారాంతమే నూనె పట్టించండి, నవంబరు మొదటి శనివారం జింకల సీజన్ మొదలయ్యేలోపు ఆరాలి.