ఒక్క పేజీ లేబర్ అగ్రిమెంటు: రెండు ఇళ్ళకు వాడాక

తిరుపతిలో సొంతిల్లు మొదలుపెట్టేవాళ్ళు ఎక్కువగా రాసుకునేది వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఒక్క పేజీ లేబర్ అగ్రిమెంటు. మెటీరియల్ ఓనరుది, పని మేస్త్రీది, అడుగుకు ఇంత. రెండు ఇళ్ళకు వాడాక తేలిందిదీ: బేరం రేటు మీద నడుస్తుంది, డబ్బు కొలత దగ్గర పోతుంది.

‘చదరపు అడుగుకు’ అని రాసి వదిలేస్తారు. ఏ అడుగు? 25×36 శ్లాబు 900 అడుగులు. ముందువైపు 3 అడుగుల బాల్కనీకి 75, మెట్ల మీద 8×15 హెడ్‌రూముకు 120 కలిపితే చివరి బిల్లు 1,095కి లేస్తుంది. రేటు ఐదో వంతుకు పైగా పెరిగినట్టే. సన్‌షేడ్లు, అటకలు, పారాపెట్ గోడ, సంపు ఇంకా లెక్కలోకే రాలేదు. బాల్కనీ పూర్తి కొలతా సగమా, సంపు కలిపా విడిగానా అన్నది రేటు పక్కనే రాయించాలి.

రెండో లోపం వాయిదాలది. శ్లాబు పడేసరికే 70 శాతం చేతికి అందేలా రాస్తే, మిగిలిన పూత, టైల్స్ పనిలో మేస్త్రీకి కూలి ఖర్చే తప్ప మిగులు ఉండదు. అప్పటికే ఇంకో సైటులో పునాది తీయిస్తుంటాడు. అతన్ని తిట్టి లాభం లేదు, కాగితమే అలా రాసుకున్నాం. రెండో ఇంటికి బాగా పనిచేసిన వంతులు: బేస్‌మెంటుకు 15, పిల్లర్లకు 10, శ్లాబుకు 25, గోడలకు 15, పూతకు 20, టైల్స్‌కు 10. చివరి 5 శాతం అక్టోబరు–డిసెంబరు వానలు ఒకసారి దాటాకే. శ్లాబు చెమ్మ బయటపడేది అప్పుడే.

‘ఆలస్యమైతే రోజుకు ఇంత జరిమానా’ అన్న వాక్యం మీద ఆశ వద్దు. 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఆ అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే, కోర్టు సబబనుకున్నంతే ఇప్పిస్తుంది. అయినా పూతమేస్త్రీ మీద కోర్టుకెక్కేదెవరు!

సెంట్రింగ్ (శ్లాబు పోయడానికి కింద కట్టే తాత్కాలిక పలకలు, ఆధారాలు) అద్దె ఎవరిదో రాయకపోతే శ్లాబును మోసే ముట్లు తొందరగా ఊడతాయి, అద్దె రోజుల లెక్కన పెరుగుతుంది కాబట్టి. 4.5 మీటర్ల లోపు శ్లాబుకైనా కాంక్రీటు పనికి భారత ప్రమాణమైన ఐఎస్ 456 కోడ్ ప్రకారం ముట్లు 7 రోజులు నిలవాలి, అదీ మామూలు సిమెంటుకు. పీపీసీ (బూడిద వంటివి కలిపిన సిమెంటు) అయితే ఇంకా ఆగాలి. తడపడానికి పీపీసీకి అదే కోడ్ కనీసం 10 రోజులు, వీలైతే 14 రోజులంటుంది. మోటారు, గొట్టం ఓనరువే, మరి తడిపే మనిషి? అది రాయని చోట శ్లాబు మీద కట్టిన మడులు మూడో రోజుకే ఎండిపోతాయి.

చిన్నదే కానీ గొడవ ఎక్కువ: కడ్డీ ముక్కలు, ఖాళీ సిమెంటు సంచులు ఓనరువని రాయించండి. ముక్కలు మేస్త్రీవైతే 12 మీటర్ల కడ్డీని పొదుపుగా కోయాలన్న పట్టింపు ఎవరికీ ఉండదు.