చవక యూఎస్‌బీ అడాప్టర్‌తో మూడేళ్లు: ఈక్వలైజర్‌లో పెంచింది తక్కువ, తగ్గించింది ఎక్కువ

రికార్డింగులు విని టైప్ చేసి పంపడం నా పని. ఉపన్యాసాలు, ఇంటర్వ్యూలు, అప్పుడప్పుడూ రైతుల్ని కలిసి మాట్లాడిన సర్వేలు వస్తుంటాయి. నెల్లూరు దర్గామిట్టలో ఇల్లు, ఆ ఇంట్లోనే ఒక గది ఆఫీసు. రోజుకు ఆరేడు గంటలు ఇయర్‌ఫోన్స్ చెవిలోనే ఉంటాయి. లాప్‌టాప్ జాక్ వదులైపోయింది, పైగా మౌస్ కదిపినా సన్నగా చిరచిరమనేది. కొత్తగా కొన్న ఫోన్‌కు జాకే లేదు. అట్లా యూఎస్‌బీ అడాప్టర్లు నా బతుకులోకి వచ్చాయి. మూడేళ్లు వాడాక నాకు అర్థమైంది ఇది: చిప్ ఉన్న అడాప్టర్ ఐదొందల లోపుది చాలు. తేడా అంతా ఇయర్‌ఫోన్స్‌లోనూ, ఈక్వలైజర్‌ని, అంటే కింది స్వరాన్నీ పై స్వరాన్నీ విడివిడిగా పెంచే, తగ్గించే ప్రోగ్రామ్‌ని, ఎట్లా పెట్టుకున్నామన్న దాంట్లోనూ ఉంది.

మొదట ట్రంకురోడ్డులో ఒక షాపులో నూట యాభైకి టైప్-సి అడాప్టర్ కొన్నాను. 'అన్ని ఫోన్లకూ పనిచేస్తాదక్కా' అన్నాడు షాపు అబ్బాయి. ఇంటికొచ్చి పెడితే ఫోన్ దాన్ని గుర్తే పట్టలేదు. తప్పు ఆ అబ్బాయిది కాదు, ఆ సంగతి అతనికీ తెలియదు. ఈ అడాప్టర్లు రెండు రకాలు. ఒకదానిలో వట్టి వైర్లే ఉంటాయి. ఫోనే డిజిటల్ సిగ్నల్‌ని మామూలు ఆడియోగా మార్చి ఆ పోర్టు ద్వారా పంపాలి, అట్లా పంపే ఫోన్లకే అది పనికొస్తుంది. రెండో రకంలో ఆ మార్చే పని చేసే చిన్న చిప్, అంటే డాక్ (DAC), అడాప్టర్‌లోనే ఉంటుంది. అట్ట మీద డాక్ అన్న మాట ఉందో లేదో చూసి కొనండి. తర్వాత నేను 480 పెట్టి సిఎక్స్31993 చిప్ ఉన్నదాన్ని తెప్పించుకున్నాను. లాప్‌టాప్‌కు వేరేగా, పెన్‌డ్రైవ్ లాగా ఉండి మైక్‌కూ ఇయర్‌ఫోన్‌కూ రెండు రంధ్రాలున్న 220 రూపాయలది ఇంకొకటి. ఈ రెండు రకాలే ఇప్పటికీ వాడుతున్నాను. అట్ట మీద 32 బిట్, 384 కిలోహెర్ట్జ్ అని పెద్ద అక్షరాలతో వేస్తారు. ఎవరో ఫోన్‌లో రికార్డ్ చేసిన మాట వినడానికి వాటితో పని లేదు.

ఈక్వలైజర్ తెరవకముందు ఒక పని చేయండి. ఇయర్‌ఫోన్ చివర ఉండే రబ్బరు టిప్ సైజు మార్చి చూడండి. చెవికి సరిగ్గా అతుక్కోకపోతే కింది స్వరం, అంటే బేస్, సందులోంచి కారిపోతుంది. బేస్ లేదనుకుని ఈక్వలైజర్‌లో పెంచుతాం, రెండో రోజు టిప్ సరిగ్గా కూర్చుంటే తల పగిలేటట్టు మోగుతుంది. నా ఎడమ చెవికి చిన్న సైజు, కుడి చెవికి మీడియం సరిపోయాయి. ఆ సంగతి తెలియడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ పెట్టిన సెట్టింగులన్నీ తీసేసి మళ్లీ మొదటినుంచి పెట్టుకోవాల్సి వచ్చింది.

ఈక్వలైజర్ విలువ నాకు తెలిసింది ఒక రొయ్యల రైతు ఇంటర్వ్యూతో. ఇందుకూరుపేట వైపు గుంటల దగ్గర రికార్డ్ చేసింది. వెనకాల ఏరియేటర్లు, అంటే నీళ్లలో గాలి కలిపే మిషన్లు, తిరుగుతున్నాయి. పట్టుబడి గురించి చెబుతూ ఆయన 'ఇరవై కౌంట్' అన్నాడో 'అరవై కౌంట్' అన్నాడో ఎన్నిసార్లు విన్నా తేలలేదు. కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. ఇరవై అంటే పెద్ద రొయ్య, అరవై అంటే చిన్నది, ధర ఎక్కడికో వెళ్లిపోతుంది. నేను తప్పు టైప్ చేస్తే ఆ రైతు చెప్పిన లెక్కంతా తప్పైపోతుంది. వాల్యూమ్ పెంచితే హోరు కూడా దాంతో పాటే పెరిగింది.

ఆ హోరంతా కింద ఉంది, మూడొందల హెర్ట్జ్ లోపల. హెర్ట్జ్ అంకె ఎంత చిన్నదైతే అంత కింది స్వరం, పెద్దదైతే పై స్వరం. 'ఇ' పలికినప్పుడు 2000 హెర్ట్జ్ పైన ఒక పదును ఉంటుంది. 'అ'లో ఆ పదును 1000, 1500 మధ్యకు దిగిపోతుంది. అంటే నాకు కావాల్సిన తేడా ఉన్నదంతా పైన, దాన్ని మింగేస్తున్నది కింద. అందుకని 150 హెర్ట్జ్ దగ్గర హై పాస్, అంటే పైదాన్ని మాత్రమే పోనిచ్చే ఫిల్టర్, పెట్టి కిందిది కోసేశాను. 250 దగ్గర వెడల్పుగా, క్యూ 0.8తో, 6 డెసిబెల్స్ తగ్గించాను. క్యూ అంటే ఫిల్టర్ వెడల్పు చెప్పే అంకె, అది పెరిగేకొద్దీ ఫిల్టర్ సన్నబడుతుంది. డెసిబెల్ శబ్దం ఎక్కువ తక్కువలకు కొలత. ఏదీ పెంచలేదు. మళ్లీ వింటే 'అరవై' అని శుభ్రంగా వినిపించింది. ఇంకో పది నిమిషాల తర్వాత ఆయనే మళ్లీ ఆ మాట అన్నాడు, అక్కడా అరవయ్యే. కింద అంత కోసేస్తే గొంతు పాడవదా అని భయపడక్కర్లేదు. పాత ల్యాండ్‌లైన్ ఫోన్ 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోసేది. దాంట్లోనే కదా మనం పెళ్లిళ్లూ బేరాలూ అన్నీ మాట్లాడుకున్నాం!

అప్పటినుంచి ఈక్వలైజర్ తెరిస్తే ముందు ఏది తగ్గించాలా అనే చూస్తాను. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. డిజిటల్ ఆడియోలో సున్నా డెసిబెల్ అంటే పైకప్పు, దాన్ని దాటి శబ్దం వెళ్లలేదు. పాట రికార్డింగే ఆ కప్పు దగ్గరిదాకా వచ్చి ఉంటుంది. మనం బేస్‌ని 6 డెసిబెల్స్ పెంచామంటే అలల ఎత్తు రెట్టింపు అవుతుంది, కప్పుకు కొట్టుకుని తలలు తెగిపోతాయి. డప్పు దెబ్బ పడిన చోటల్లా పరపరమని వినిపిస్తే అదే సంగతి. చాలామంది దీన్ని అడాప్టర్ లోపం అనుకుని మార్చేస్తారు. ఈక్వలైజర్‌లో ప్రీయాంప్ అని మొత్తం శబ్దాన్ని ఒకేసారి పెంచే, తగ్గించే మీట ఒకటి ఉంటుంది. ఎక్కడైనా 4 పెంచితే ప్రీయాంప్‌ని మైనస్ 4కి దించండి, పరపర ఆగిపోతుంది. శబ్దం కాస్త తగ్గుతుంది, వాల్యూమ్ బటన్‌తో పెంచుకోండి. చెవిలో పెట్టుకునే చిన్న ఇయర్‌ఫోన్స్‌కైతే నా 480 రూపాయల దానికి ఇంకా బోలెడంత శక్తి మిగులుతుంది. ఒక పేరున్న కంపెనీ అడాప్టర్ నా ఫోన్‌కు పెట్టి చూశాను. మొత్తం వాల్యూమే తక్కువ వచ్చింది, ప్రీయాంప్ దించితే ఏమీ వినపడలేదు. లాప్‌టాప్‌కు పెడితే అదే అడాప్టర్ బ్రహ్మాండంగా పలికింది. కాబట్టి కొన్న వెంటనే మీ ఫోన్‌కే పెట్టి చూసుకోండి.

'స', 'ష' చెవిలో సూదిలా గుచ్చుకోవడం చవక ఇయర్‌ఫోన్స్‌కు మామూలే. 650 రూపాయల నా వాటికీ ఉంది. ఆ గుచ్చుకునే చోటు పట్టుకోవడానికి నేను బాలు గొంతే వాడతాను. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం మా నెల్లూరు మనిషే. ఇక్కడి తిప్పరాజువారి వీధిలోని తన ఇంటిని 2020లో వేద పాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు. ఆ గొంతు చిన్నప్పటినుంచీ రేడియోలో, పెళ్లి పందిళ్లలో, బస్సుల్లో విని విని, ఎట్లా ఉండాలో నాకు తెలుసు. అందుకే ఎక్కడ తేడా వచ్చినా పట్టుకోగలను. వాల్యూమ్ బాగా తగ్గించి, ఒకే ఒక్క ఫిల్టర్ తీసుకుని, సన్నగా క్యూ 5 పెట్టి, 8 డెసిబెల్స్ పెంచి, దాన్ని 5000 నుంచి 9000 వైపు మెల్లగా జరుపుతాను. ఒకచోట 'స' అన్నప్పుడల్లా కళ్లు మూసుకుపోయేంతగా గుచ్చుకుంటుంది. నా ఇయర్‌ఫోన్స్‌లో అది 7000 దగ్గర. అక్కడ పెంచిన 8ని మైనస్ 4కి మార్చి, క్యూ 3 చేసి వదిలేశాను. అంతే. ఇయర్‌ఫోన్ ఎంత లోపలికి పెట్టుకున్నామన్న దాన్ని బట్టి ఈ అంకె కాస్త జరుగుతుంది, అందుకని నా 7000ని కాపీ కొట్టకుండా మీది మీరు వెతుక్కోండి. ఆటోఈక్యూ అని ఉచితంగా దొరికే ప్రాజెక్టులో వేల హెడ్‌ఫోన్లకు కొలతలు తీసి లెక్కగట్టిన సెట్టింగులు ఉన్నాయి. మీ మోడల్ అందులో ఉంటే దానితో మొదలుపెట్టండి. నావి లేవు.

లాప్‌టాప్‌లో నేను వాడేది ఈక్వలైజర్ ఏపీఓ. విండోస్‌కు ఉచితం. దానికి బటన్లూ స్లైడర్లూ కావాలంటే పీస్ అనే ఇంకో ప్రోగ్రామ్ జోడించుకోవచ్చు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఏ డివైస్‌కు పెట్టాలో అడుగుతుంది, అక్కడ యూఎస్‌బీ అడాప్టర్‌కు టిక్ పెట్టి లాప్‌టాప్‌ని రీస్టార్ట్ చేయాలి. నన్ను బాగా ఏడిపించిన విషయం ఇక్కడే ఉంది. ఒకరోజు ఇల్లు ఊడుస్తూ వైర్లన్నీ పీకి, అడాప్టర్‌ని ఎడమవైపు పోర్టుకు బదులు కుడివైపు దానికి పెట్టాను. విండోస్ దాన్ని కొత్త డివైస్ అనుకుంది. ఈక్వలైజర్ స్క్రీన్ మీద అన్నీ ఆన్‌లోనే కనిపిస్తున్నాయి, చెవికి మాత్రం ఏదీ చేరట్లేదు. నాలుగు రోజులు ఇయర్‌ఫోన్స్ పోయాయనుకుని టెన్షన్ పడ్డాను. డివైస్ ఎంపిక మళ్లీ తెరిచి కొత్త పేరుకు టిక్ పెట్టాక సరిపోయింది. ఇప్పుడు ఆ పోర్టు పక్కన చిన్న స్టిక్కర్ అంటించాను. సౌండ్ సెట్టింగుల్లో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆపేసి ఉన్నా ఇదే పరిస్థితి. పనిచేస్తోందో లేదో తేల్చుకోవడానికి ప్రీయాంప్‌ని మైనస్ 20కి లాగి చూడండి. శబ్దం పడిపోకపోతే అది మీ అడాప్టర్‌కు తగలడం లేదన్నమాట.

ఫోన్‌లో వేవ్‌లెట్ అనే ఈక్వలైజర్ యాప్ వాడుతున్నాను. దాంట్లో తొమ్మిది బ్యాండ్లు, అంటే ఒక్కో స్వర భాగానికి ఒక్కో మీట. యూఎస్‌బీ పెట్టగానే ఫోన్‌లో ముందే ఉన్న ఈక్వలైజర్ నా ఫోన్‌లో పనిచేయడం మానేస్తుంది, అందుకే వేరే యాప్ అవసరమైంది. బ్యాటరీ పొదుపు కోసం ఫోన్ దీన్ని వెనకనుంచి చంపేస్తుంటుంది. సెట్టింగుల్లో ఆ యాప్‌కు మినహాయింపు ఇవ్వండి.

కావలిలో ఉండే మా నాయనకు 74 ఏళ్లు. ఫోన్‌లో ప్రవచనాలు వింటాడు. వాల్యూమ్ చివరిదాకా పెట్టి, 'మాట తెలియడం లేదు' అనేవాడు. ముందు చెవి డాక్టర్‌కు చూపించాం. పరీక్ష చేసిన కాగితంలో గీత 2000 దాటాక కిందికి జారిపోతోంది. వయసుతో వచ్చేదే, చెవి మిషన్ ఇప్పుడే వద్దు, ఆరు నెలలకోసారి రండి అన్నారు. ఆ పరీక్ష చేయించకుండా ఈక్వలైజర్ జోలికి వెళ్లొద్దు, ఇది వైద్యం కాదు. ఆ తర్వాతే నాయన ఫోన్‌లో 2000, 4000 రెండింటినీ సున్నా దగ్గరే ఉంచి, 500 కింద ఉన్న బ్యాండ్లను 6 చొప్పున, 1000ని 2 తగ్గించాను. వాల్యూమ్ మూడు మెట్లు తగ్గించి చేతికిచ్చాను. కాసేపు విని, 'ఇప్పుడు మాట తెలస్తా ఉండాదిమ్మా. ఇందాక గుడిలో మైకు మాదిరి మోగతా ఉన్నింది' అన్నాడు. ఘంటసాల కాలం నాటి పాటలకు మాత్రం పైన ఉన్న 8000, 16000 కూడా కాస్త తగ్గించాలి. ఆ రికార్డింగుల్లో అక్కడ సుయ్‌మనే శబ్దం తప్ప పెద్దగా ఏమీ ఉండదు.

లోపాలు లేవని కాదు. 480ది పద్నాలుగు నెలలకు టైప్-సి మూతి దగ్గర వైరు తెగింది, కావలి బస్సులో జేబులో మడతపడి. అదే చిప్‌ది ఇంకోటి కొన్నాను. 220ది ఇంకా బతికే ఉంది, కానీ రెండు మూడు సెకన్లు శబ్దం లేకపోతే నిద్రపోతుంది. మళ్లీ ప్లే చేస్తే మొదటి అక్షరం మింగేస్తుంది. పాటకు పర్వాలేదు, ఆగి ఆగి టైప్ చేసే నాకు అది పెద్ద బాధ. ప్లేయర్‌లో ఆపిన ప్రతిసారీ రెండు సెకన్లు వెనక్కి వెళ్లేలా పెట్టుకుని గట్టెక్కాను. ఈక్వలైజర్ తనలోనే దాచుకునే అడాప్టర్లు కూడా వచ్చాయి. ఒకసారి యాప్‌తో పెట్టేస్తే ఏ ఫోన్‌కు పెట్టినా అదే సెట్టింగ్ ఉంటుంది. ఫోన్, ట్యాబ్, టీవీ మార్చి మార్చి వాడే వాళ్లకు ఆ డబ్బు పెట్టడం న్యాయమే. నా లాగా ఒకే లాప్‌టాప్ ముందు కూర్చునే వాళ్లకు అక్కర్లేదు.

పోయిన నెల 480 రకంలో కొన్న రెండో దాని ఎడమవైపు శబ్దం కూడా పోతూ వస్తూ ఉంటే మూడోది తెప్పించాను. లాప్‌టాప్‌కు స్టిక్కర్ ఉన్న పోర్టులోనే పెట్టి, డివైస్‌కు టిక్ పెట్టి, రీస్టార్ట్ చేసి, నా పరీక్ష క్లిప్ వేశాను. అది కావలి ఇంట్లో నీళ్ల మోటార్ తిరుగుతుండగా నాయన చేత చెప్పించి రికార్డ్ చేసింది, అర నిమిషం. ఇరవై, అరవై, అరవై, ఇరవై. నాలుగూ విడివిడిగా వినిపించాయి.