పాత ఇటుక గోడకు లోపలి నుంచి ఇన్సులేషన్: నాలుగు చలికాలాల అనుభవం

ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో మేముంటున్న ఇల్లు 1900 ప్రాంతంలో కట్టింది. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, మధ్యలో ఖాళీ లేదు. అమ్మ గుంటూరు నుంచి వచ్చిన మొదటి జనవరిలో, గోడ చలి తట్టుకోలేక మంచాన్ని గది మధ్యకు లాగించుకుంది. గది వేడి బయటికి పోకుండా గోడకు వేసే పొరే ఇన్సులేషన్; వీధి వైపు ఇటుక అందం పోకూడదని దాన్ని లోపలి నుంచే చేయించాం.

మొదటిసారి, 2019లో, ముందు గదికి 50 మిల్లీమీటర్ల ఫోమ్ బోర్డులు, రెండు వైపులా రేకు ఉన్నవి, జిగురు ముద్దలతో అతికించారు. గది వెంటనే వెచ్చబడింది. రెండో చలికాలంలో ముక్కవాసన మొదలైంది. బోర్డు ఊడదీస్తే వెనకంతా నల్లటి బూజు. ఇన్సులేషన్ వేశాక మన గది వేడి ఇటుకకు అందదు, అది మునుపటికంటే చల్లబడుతుంది. స్విచ్చుబోర్డుల సందుల్లోంచి వెళ్ళిన ఆవిరి ఆ చల్లని ఇటుక మీద నీరైంది. పైన గట్టర్, అంటే కప్పు అంచున వాననీరు పోయే తొట్టి, కారుతోంది కూడా. రేకు అడ్డుండటంతో ఆ తడి లోపలికి ఆరే దారి లేదు. గట్టర్ ముందే చూసుకోనందుకు ఇప్పటికీ బాధే.

2021 వేసవిలో మళ్ళీ మొదలుపెట్టాం. ముందు గట్టర్, తర్వాత బయట ఇటుకల సందులకు సున్నం. లోపలి సిమెంట్ ప్లాస్టర్ చెక్కించి, సున్నంతో గోడ చదును చేసి, ఆ తడి మీదే 60 మిల్లీమీటర్ల వుడ్ ఫైబర్ (చెక్క నార) బోర్డు ఖాళీ లేకుండా నొక్కి పెట్టారు. పైన జాలీ, సున్నం ప్లాస్టర్. ఆరడానికి వారాలు పట్టింది, ఖర్చూ ఎక్కువే. అయినా ఇదే సరైన పని. ఈ బోర్డు తేమను పీల్చుకుని మళ్ళీ వదులుతుంది.

బయట సున్నా, గదిలో 19 డిగ్రీలు ఉన్న ఉదయాల్లో గోడ మీద ఇదివరకు 13 చూపించేది, ఇప్పుడు 17 దాటుతోంది. అమ్మ ఇప్పుడు ఆ గోడకే ఆనుకుని కూర్చుని పారాయణ చేసుకుంటుంది.

ఇబ్బందులు ఉన్నాయి. గది దాదాపు 9 సెంటీమీటర్లు తగ్గి, పాత బీరువా పట్టలేదు. కిటికీ పక్కల 20 మిల్లీమీటర్ల బోర్డే పట్టింది, గడ్డకట్టే రోజుల్లో అక్కడ ఇంకా కాస్త చెమ్మ వస్తుంది. పూజ అరకు ఇటుకదాకా వెళ్ళే పొడవాటి స్క్రూలు కావలసివచ్చాయి. మామూలు ప్లాస్టిక్ పెయింట్ వేయకూడదు, గోడ ఊపిరి మూసుకుపోతుంది. అన్నం వండేటప్పుడు, బట్టలు ఇంట్లో ఆరేసేటప్పుడు ఆవిరిని బయటికి లాగే ఫ్యాన్ తప్పనిసరి.

మెట్ల పక్క గోడ మిగిలింది. సున్నానికి గడ్డకట్టే చలి పనికిరాదు కాబట్టి వచ్చే మేలో, ఇదే బోర్డుతో.