జీన్ ఆర్డర్ 9 రోజులు హోల్డ్‌లో పెట్టారు, అయినా 4 స్టార్లు ఇస్తున్నా

కంపెనీ పేరు చెప్పను, పొగిడితే ప్రమోషన్ అంటారు, తిడితే మా సార్ పిలిచి క్లాస్ పీకుతాడు. మాది షామీర్‌పేట వైపు చిన్న స్టార్టప్, ఏడాదిగా జీన్లు (జన్యువులు) వీళ్ళ దగ్గరే కొంటున్నాం. జీన్ కొనడమేంటి అనుకునేవాళ్ళకి, కావాల్సిన డీఎన్ఏ అక్షరాలు వెబ్‌సైట్‌లో పేస్ట్ చేస్తే వాళ్ళు తయారుచేసి కొరియర్ చేస్తారు. చీర ఆర్డర్ పెట్టినంత ఈజీ, కార్ట్ కూడా ఉంటది.

మొదటిది 1200 అక్షరాల ఎంజైమ్ జీన్, బట్టల రంగునీళ్ళు శుభ్రం చేసేది. జీఎస్టీతో కలిపి 10 వేల లోపే, 2 వారాల్లో వచ్చేసింది. ఇంత పెద్ద డబ్బాలో ఒక చిన్న ట్యూబు, అడుగున కంటికి ఆనీ ఆనని తెల్లటి పొర. గేటు దగ్గరే విప్పితే సెక్యూరిటీ అన్న లైటుకి అడ్డం పెట్టి చూసి "ఖాళీది పంపారు మేడం, రిటన్ కొట్టండి" అన్నాడు 😂

రెండోదానితో మొదలైంది అసలు గోల. ఈసారి ఏఐ టూల్ డిజైన్ చేసిన ప్రోటీన్. పేమెంట్ అయిన మర్నాడే హోల్డ్ అని మెయిల్, అందులో ఒక ముక్క ఏదో బ్యాక్టీరియా టాక్సిన్‌ని, అంటే విషాన్ని, పోలి ఉందంట. ఏం పనికి, ఎవరు వాడతారు, ల్యాబ్ అడ్రస్ ప్రూఫ్, బయోసేఫ్టీ కమిటీ (ల్యాబ్ పనులు ప్రమాదం లేనివేనా అని చూసే కమిటీ) లెటర్... ఆ కమిటీ చైర్మన్ గారేమో ఊళ్ళో లేరు, 9 రోజులు పోయాయి, నేను తిట్టని తిట్టు లేదు.

తర్వాత తీరిగ్గా చదివితే కోపం దిగింది. 2006లోనే లండన్‌లో ఒక పత్రిక రిపోర్టర్ మశూచి వైరస్ డీఎన్ఏలో 78 అక్షరాల ముక్క ఆర్డర్ పెడితే ఇంటికే తెచ్చిచ్చారు. ఆ ముక్కతో ఏమీ కాదులే. కానీ 2018లో కెనడా సైంటిస్టులు, ఇలా కొన్న ముక్కలు అతికించే మశూచికి చుట్టమైన గుర్రాల వైరస్‌ని మొత్తం తయారుచేశామని పేపర్ వేశారు. మా అమ్మమ్మ మొహం నిండా అమ్మవారు పోసిన మచ్చలే, మన దేశంలో ఆ జబ్బు పోయింది 1975లో, అది ఎవడో మళ్ళీ కార్ట్‌లో వేసుకోవడమేంటి.

ఇప్పుడు దీనికి ఏఐ తోడైంది. 2025లో మైక్రోసాఫ్ట్ వాళ్ళు కంప్యూటర్‌లోనే టెస్ట్ చేశారు, తెలిసిన టాక్సిన్లనే ఏఐతో వేరే అక్షరాల్లో రాయిస్తే ఆర్డర్లలో ప్రమాదకరమైనవి ఉన్నాయా అని చూడడానికి ఈ కంపెనీలు వాడే స్క్రీనింగ్ సాఫ్ట్‌వేర్లు చాలావాటిని పట్టుకోలేకపోయాయి. ఆ సాఫ్ట్‌వేర్లకి ప్యాచ్ వేసి సరిచేశాక కూడా ఓ 3 శాతం జారిపోయాయంట. పోలిక చూసి పట్టుకునే మిషన్‌కి పోలికే మారిపోతే ఏం చేస్తది, ఇంక మిగిలింది ఎవరు కొంటున్నారు అని మనిషి అడగడమే. అదే వీళ్ళు చేసింది. ఇంకో చోట రేటు తక్కువని కొటేషన్ అడిగితే ఇంటి అడ్రస్‌కైనా పంపుతాం అన్నారు, ఒక్క ప్రశ్న లేదు, భయమేసి వదిలేశా.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే సపోర్ట్ పరమ చెత్త. ఏ ముక్క దగ్గర ఆగిందో చెప్పరు (సరే, ఎందుకు చెప్పరో అర్థమైంది), కనీసం ఎన్ని రోజులు పడుతుందో చెప్పాలి కదా, ఎన్నిసార్లు రాసినా అదే కాపీ పేస్ట్ మెయిల్.

మీరు పెట్టేపనైతే కమిటీ లెటర్ పీడీఎఫ్ ముందే రెడీగా పెట్టుకోండి, పెళ్ళిళ్ళ సీజన్‌లో చైర్మన్ సంతకం అస్సలు దొరకదు.