సీసీ మెయిళ్లకు వేరే గది: నాలుగేళ్ల వాడకం తర్వాత

జీమెయిల్‌లో ఇప్పుడు నాకు 11 ఫిల్టర్లున్నాయి, అంటే వచ్చిన మెయిల్‌ను దానంతటదే సర్దేసే నియమాలు. పది తీసేసినా పర్వాలేదు. ఒక్కటి మాత్రం వదలను. నా పేరు సీసీలో ఉన్న మెయిళ్లు (అంటే వేరేవాళ్లకు రాస్తూ నాకూ తెలియాలని కాపీ పంపినవి) ఇన్‌బాక్స్‌లోకి రాకుండా నేరుగా ‘తీరిగ్గా’ అనే లేబుల్ కిందికి వెళ్లిపోతాయి. పొద్దున్నే 80 మెయిళ్లు కనిపించే చోట ఇప్పుడు పాతిక దాటవు. సాయంత్రం ఆ లేబుల్ తెరిచి పది నిమిషాలు తిరగేస్తే చాలు, సగం సంగతులు అప్పటికే వాళ్లలో వాళ్లు తేల్చేసుకుని ఉంటారు.

ఆ ఊపులో ఒక తెలివితక్కువ పని చేశాను. ప్రచార మెయిళ్ల అడుగున ‘అన్‌సబ్‌స్క్రైబ్’ అని ఉంటుంది కదా, ఆ మాటున్న ప్రతిదాన్నీ డిలీట్ చేసేయమని ఫిల్టర్ పెట్టాను. ఏడాది పాటు భేషుగ్గా నడిచింది. కనిపించినవాళ్లందరికీ చెప్పాను కూడా. ఒకరోజు మా టీమ్‌లో సీనియర్ ఒకాయన ఎదురుపడి, “వర్క్‌షాప్‌కి రావట్లేదని ఒక్క ముక్క చెప్పొచ్చుగా?” అన్నారు. ఏ వర్క్‌షాప్? ట్రాష్‌లో వెతికితే దొరికింది. న్యూస్‌లెటర్ ఒకటి ఫార్వర్డ్ చేస్తూ పైన రెండు ముక్కలు రాశారు: “నీ పేరు ఇవ్వనా? శుక్రవారంలోగా చెప్పు.” కిందికి జరుపుకుంటూ పోతే చిట్టచివర, బూడిదరంగు చిన్న అక్షరాల్లో, ఆ మాట. ట్రాష్‌లో 30 రోజులే ఉంటాయి. ఇంకో వారం ఆలస్యమైతే ఆయనకు చూపించడానికి అదీ మిగిలేది కాదు. ఫిల్టర్‌ను అనడానికేం లేదు, చెప్పింది చెప్పినట్టు చేసింది. ఇప్పుడు ఏ ఫిల్టర్‌లోనూ డిలీట్ పెట్టను, లేబుల్ వేసి ఆర్కైవ్ చేయడంతో, అంటే చెరిపేయకుండా ఇన్‌బాక్స్ నుంచి పక్కకు తీయడంతో సరి. టీమ్ అడ్రసులను ఆ ‘అన్‌సబ్‌స్క్రైబ్’ ఫిల్టర్ నుంచి మినహాయించాను.

అనుకోకుండా మారింది నేను మెయిల్ రాసే తీరు. నాలాగే అవతలివాళ్లూ సీసీని పక్కన పడేస్తారేమో అనిపించి, పని ఎవరితో ఉందో వాళ్లను ‘టు’లోనే పెడుతున్నాను. సబ్జెక్ట్‌లో ఉత్త ‘రిపోర్ట్’ అని కాకుండా ‘రిపోర్ట్ మూడో పేజీ అంకెలు, బుధవారంలోగా చూడండి’ అంటున్నాను. రిప్లై ఆల్ కొట్టి నలభై మందికి ‘థాంక్యూ’ చెప్పిన చరిత్ర నాది!

నాకు అర్జెంటు పనులు ఫోన్లోనే వస్తాయి కాబట్టి ఈ పద్ధతి కుదిరింది. సీసీలో పెట్టి జవాబు కోసం ఎదురుచూసే పైఅధికారి ఉంటే మాత్రం ముందు ఆ అడ్రసును మినహాయించండి. పోయిన నెల నుంచి నాకూ అలాంటి మినహాయింపు ఒకటుంది.